మూడు కప్పల మధ్య మాస్టారి చెయ్యి

2006లో మా ఆఫీసు మారేడ్‌పల్లిలో ఒక బట్టల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. బోర్డు మీద పేరు చివర ‘సొల్యూషన్స్’ అని రాసి ఉండేది. ఊరంతా ఐటీ, ఐటీ అని ఊగిపోతున్న రోజులు కాబట్టి ఏం సొల్యూషన్స్ అని ఎవరూ అడిగేవారు కారు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మా ఇంట్లోవాళ్లు కూడా, ఉమ సాఫ్ట్‌వేర్‌లో ఉందని నలుగురికీ గొప్పగా చెప్పుకునేవారు. నిజానికి నా ఉద్యోగం రాక్షసుల్ని చంపించడం.

కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో వేలమంది కలిసి ఆడే ఆటలుంటాయి. అందులో ప్రతివాడికీ ఒక వీరుడు ఉంటాడు. వాడి కత్తి విద్య పెరగాలంటే రాక్షసుల్ని చంపుతూనే ఉండాలి. ఒక్కో రాక్షసుడికి రవ్వంత విద్య పెరుగుతుంది. ఈ చాకిరీని ‘గ్రైండింగ్’ అంటారు, అంటే రుబ్బడం. రుబ్బే ఓపిక లేని విదేశీ ఆటగాళ్లు తమ వీరుణ్ణి మాకు అప్పగించేవారు. మేం పగలంతా రుబ్బి, పై మెట్టు ఎక్కించి తిరిగి ఇచ్చేవాళ్లం. నేను పద్దెనిమిది సీట్లకు టీమ్ లీడర్ని. ఏ రాక్షసుడు ఎక్కడ ఉంటాడు, ఎన్ని దెబ్బలకు పడతాడు, చచ్చాక ఎన్ని క్షణాలకు మళ్లీ పుడతాడు అన్నవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఆ మళ్లీ పుట్టడాన్ని ‘స్పాన్’ అనేవాళ్లం.

మాస్టారు మా దగ్గరికి వచ్చింది ఆ ఏడు వర్షాకాలంలో. సీతాఫల్‌మండిలో ఆయనకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. నేను టైపు లోయర్ పరీక్ష పాసైంది అక్కడే. చెక్క స్కేలుతో బల్ల మీద కొడుతూ, ఆ దెబ్బకు సరిగ్గా అక్షరం పడాలనేవారు. “స్పీడు తరవాతమ్మా. ముందు సమానంగా పడాలి,” అనడం ఆయన అలవాటు. కంప్యూటర్లు వచ్చాక ఆ మిషన్లన్నీ మోండా మార్కెట్ దగ్గర పాత ఇనుముకి వెళ్లిపోయాయి. యాభై ఒక్కేళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా ఎదురుగా నిలబడి ఉద్యోగం అడిగాడు. నాకు సిగ్గేసింది. ఎవరి తరఫున సిగ్గుపడాలో తెలియలేదు.

మా మేనేజర్ ఇక్కడివాడే. మాస్టారిని చూసి నన్ను పక్కకు పిలిచాడు. “ఏందీ ఉమా, గీ వయసులో ఈయన ఆటలాడతడా?”

“నాకు వేళ్లు నేర్పింది ఈయనే సార్. చూడండి, నేను మాటిస్తున్నాను,” అన్నాను.

మాట దక్కింది. నెల తిరక్కుండానే ఆయన నా టీమ్‌లో అందరికంటే ముందున్నారు. కత్తులూ మంత్రాలూ ఏవీ ఆయనకు పట్టేవి కావు. “ఈ పిశాచాలేమిటో గాని, ప్రభువు క్షమించాలి,” అని నవ్వుతూ కూర్చునేవారు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేది ఆయనే.

అప్పటిదాకా మేం ఒక గుట్ట మీద మరుగుజ్జు రాక్షసుల్ని చంపేవాళ్లం. ఒకడికీ ఇంకొకడికీ మధ్య పన్నెండు క్షణాల నడక ఉండేది. ఆ నడకలో వీరుడు తనంతట తాను వెళుతుంటే మావాళ్లు మంచినీళ్లు తాగేవారు, జడ సర్దుకునేవారు, వేళ్లు విరుచుకునేవారు. నా నోట్‌బుక్‌లో ఆ పన్నెండు క్షణాల పక్కన ‘వృథా’ అని రాశాను.

ఆ వృథాని తీసేయాలని వారం రోజులు వెతికితే ఒక చిత్తడి గుహ దొరికింది. అందులో మనిషెత్తు కప్పలు మూడు. మధ్యలో నిలబడితే మూడూ కత్తికి అందుతాయి. మూడోది పడేసరికి మొదటిది మళ్లీ పుడుతుంది. అడుగు తీసి అడుగు వేయక్కర్లేదు, ఆగక్కర్లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ గుహను ముందు మాస్టారికే ఇచ్చాను, గురుదక్షిణ ఇచ్చినంత గొప్పగా.

అదే సమయంలో ఒక పెద్ద పని వచ్చింది. ఒక విదేశీయుడు నాలుగేళ్లుగా పెంచుకున్న వీరుడికి కత్తి విద్య చివరి మెట్టు కావాలి. ఆరువారాలు గడువు. ఒక వీరుడు ఒకరి చేతిలోనే ఉండాలన్నది మా పద్ధతి. మాస్టారు కూర్చున్నారు. పక్క సీటు నాదే. టక్, టక్, టక్ అని మౌస్ చప్పుడు రోజంతా వినిపించేది. కళ్లు మూసుకుంటే చెక్క స్కేలు గుర్తొచ్చేది.

నాలుగో వారంలో ఆయన దగ్గర బామ్ వాసన మొదలైంది. తర్వాత మణికట్టుకి చేతిరుమాలు కట్టుకొచ్చారు.

“ఏమైంది మాస్టారూ?”

“ఏం లేదమ్మా, కొంచెం లాగుతోంది. రెండు ఆదివారాలుగా హార్మోనియం కూడా ముట్టుకోలేదు. అదే సర్దుకుంటుందిలే.”

“ఇంకో పది రోజులే మాస్టారూ,” అన్నాను. ఆ మాట అన్నది నేనే. రెండు రోజులు సెలవు పెట్టమనడం నా చేతిలో పని. అనలేదు.

ఆరోవారంలో, ఇంకో రెండు రోజుల్లో పని అయిపోతుందనగా, ఆ వీరుడి ఖాతా మూతపడింది. ఆట నడిపే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. గంటల తరబడి ఒకే ఎడంతో నొక్కులు పడ్డాయట. మనిషి చెయ్యి అలా పడదట. కాబట్టి ‘మాక్రో’ వాడారని తేల్చారు. మాక్రో అంటే మనిషి బదులు తనంతట తాను నొక్కే చిన్న ప్రోగ్రామ్. అది వాడితే శాశ్వతంగా నిషేధం. ఆ విదేశీయుడి నాలుగేళ్ల వీరుడు పోయాడు.

మేనేజర్ మాస్టారిని లోపలికి పిలిచాడు. నేనూ వెళ్లాను.

“సచ్ చెప్పు పెద్దాయనా. మాక్రో పెట్టినవ్ గదా? జెర కష్టం తప్పుతదని పెట్టి ఉంటవ్.”

“లేదండి. చేత్తోనే కొట్టాను.”

“గంటలకు గంటలు ఒక్క తీర్గ ఎట్ల కొడ్తరు ఎవరైనా?”

మాస్టారు చేతిరుమాలు విప్పి చెయ్యి బల్ల మీద పెట్టారు. మణికట్టు రెండింతలు వాచి ఉంది. “మిషన్‌కి వాపొస్తుందాండీ?” అని మెల్లగా అడిగారు.

మేనేజర్ ఒక క్షణం తగ్గాడు. “సరే, నా ముంగట కొట్టి చూపించు,” అని తన కంప్యూటర్‌లో ఇంకో వీరుడితో గుహ తెరిచాడు. మాస్టారు కూర్చున్నారు. మొదటి కప్ప మీద మూడు దెబ్బలు సరిగ్గా పడ్డాయి. నాలుగోదానికి వేలు లేవలేదు. మళ్లీ ప్రయత్నించారు. ఒక దెబ్బ తొందరగా, ఇంకోటి ఆలస్యంగా పడ్డాయి. కప్పలు ఆ వీరుణ్ణి నా కళ్ల ముందే చంపేశాయి.

“చూసినవా ఉమా? గీ చెయ్యితోని గట్ల సమానంగా ఎట్లొస్తది?” అన్నాడు మేనేజర్.

ఆ చెయ్యి ఎందుకు అలా అయిందో ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. మాస్టారు నా వైపు చూశారు. ఆరువారాలు పక్కనే కూర్చున్నాను. చెప్పాలంటే ఆ గుహ చేతికి క్షణం కూడా విరామం ఇవ్వదని చెప్పాలి, వృథా అని కొట్టేసిన పన్నెండు క్షణాల గురించి చెప్పాలి. అదే గుహలో ఇంకో ఆరుగురిని కూర్చోబెట్టి ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

మేనేజర్ రిపోర్టు నన్నే టైపు చేయమన్నాడు. ‘ప్రోగ్రామ్ వాడినట్లు తెలుస్తోంది’ అని కొట్టాను. కింద సంతకం పెట్టడానికి మాస్టారికి ఇచ్చాను. ఆయన మొదటినుంచి చివరిదాకా నిదానంగా చదివారు.

“మార్జిన్లు బాగా పెట్టావమ్మా,” అన్నారు. ఎడమచేత్తో సంతకం చేసి, ఉద్యోగం వదిలి వెళ్లిపోయారు.

ఆ గుహని మూడు రోజుల్లో ఆపేయించాను. రెండు నెలలకు ఉద్యోగం మానేశాను. అప్పటికి గాని సీతాఫల్‌మండి వెళ్లే ధైర్యం రాలేదు. ఆయన భార్య బడి టీచరు. తలుపు తీసి లోపలికి రమ్మంది. మాస్టారు ఎడమచేత్తో చెంచా పట్టుకుని అన్నం తింటున్నారు. డాక్టరు ఇంక ఇంతేనన్నాడట. చర్చిలో ఎవరో కుర్రాడు కీబోర్డు వాయిస్తున్నాడట. గోడవారగా హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంది.

“నేను మోసం చేశానని చర్చిలో కూడా పాకిపోయిందమ్మా. ఎవరూ అడగరు. అడిగినా బాగుండును,” అన్నారు.

“మీరు చేత్తోనే కొట్టారు మాస్టారూ. నేను చూశాను,” అన్నాను ఏడుస్తూ.

ఆయన చెంచా పళ్లెంలో పెట్టారు. “ఆ మాట నా ముందు ఎందుకమ్మా? నాకు తెలుసు కదా.”

తర్వాత చాలా ఆఫీసుల్లో పనివేళలు వేసే పని చేశాను. పనికీ పనికీ మధ్య ఉన్న ఖాళీ, మనిషి చెయ్యి బతికేచోటని ఆ సంఘటన నాకు నేర్పింది. ఆ ఖాళీని ఎక్కడా తీసేయలేదు. ఇంకోటి కూడా నేర్పింది. చూసినవాడు చూసినచోటే నోరు విప్పాలి. నేను మాస్టారి చర్చి దాకా వెళ్లి ఆ మాట చెబుదామని రెండుసార్లు గేటు దాకా వెళ్లాను. రెండోసారి వెళ్లింది ఆయన పోయాక, ఆయన్ని సాగనంపడానికి వచ్చినవాళ్లతో కలిసి. అప్పుడూ చెప్పలేదు.