ఎక్స్‌ట్రా దిమ్మలు

నేను ఎవరినీ నమ్మను. పటాన్‌చెరు దగ్గర రెడీమిక్స్ కాంక్రీట్ ప్లాంటులో క్వాలిటీ చూసేవాడికి అది రోగం కాదు, అర్హత. ఇసుక తెచ్చేవాడు తడి ఇసుకే తెస్తాడు. మిక్సర్ బండి డ్రైవరు దారిలో నీళ్ళు కలుపుతాడు. సైటు మేస్త్రీ "జెర పల్చగుంటె జల్దీ పారుతది" అని ఇంకో బకెట్టు పోయిస్తాడు. అందుకే ప్రతి బండి నీళ్ళ ట్యాంకు గొట్టం మీద నీళ్ళున్న మేరకు సుద్దతో గీత గీసి పంపేవాణ్ణి. డ్రైవర్లు చాటుగా నన్ను పోలీసు అనేవారు. నాకది నచ్చేది కూడా.

మా చర్చి వాళ్ళు సండే స్కూలు గదికి మా ప్లాంటు కాంక్రీటుతోనే స్లాబు వేయాలనుకున్నప్పుడు నా అనుమానం రెట్టింపైంది. ఆ స్లాబు కింద కూర్చునేది మా పిల్లలే. ఆ రోజు కళ్ళలో వత్తులు వేసుకుని సైటులో నిలబడ్డాను. మొదటి బండి బాగానే వచ్చింది. రెండోది పాశమైలారం దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంట ఆలస్యంగా వచ్చింది. అంతసేపు ఆగిన కాంక్రీటు బిగుసుకోవాలి. ఇది మజ్జిగలా జారింది.

"నీళ్ళు కలిపినవా?"

"అమ్మతోడు సార్, సుక్క గూడ కలపలే."

ట్యాంకు దగ్గరికి వెళ్ళి చూస్తే సుద్ద గీత లేదు. బండి తుడిచానన్నాడు. వెనక్కి పంపాల్సింది. కానీ సగం స్లాబు అప్పటికే పోసేశారు, కూలీలు ఎదురుచూస్తున్నారు, పాస్టరుగారు ప్రార్థన కూడా చేసేశారు. దిమ్మలే చెప్తాయిలే అనుకుని పోయించాను.

దిమ్మలంటే ప్రతి బండి నుంచీ కాస్త కాంక్రీటు తీసి ఇనుప పెట్టెల్లో పోసేవి. వాటిని నీళ్ళలో నానబెట్టి, ఏడో రోజు కొన్ని, ఇరవై ఎనిమిదో రోజు కొన్ని మిషన్‌లో నొక్కి పగలగొడతాం. ఎంత బరువుకు పగిలితే కాంక్రీటుకు అంత బలం. ఏడో రోజు రిపోర్టు వచ్చింది. రెండో బండి దిమ్మలు మూడూ బ్రహ్మాండంగా ఉన్నాయి. పాస్టరుగారికి ఫోన్ చేసి మంచిగొచ్చిందని చెప్పాను. స్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పడానికి ఆయన మనుషుల్ని మాట్లాడుకున్నారు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఆ మజ్జిగకు ఈ అంకెలెలా వస్తాయి? మర్నాడు పొద్దున్నే ల్యాబుకు వెళ్ళాను. దిమ్మలు పగలగొట్టే అమ్మాయిది రుద్రారం వైపు రైతు కుటుంబం. నాలుగేళ్ళుగా నా దగ్గరే పని నేర్చుకుంది.

"ఇవి రెండో బండియేనా?"

"కాదు సార్. ఆ బండియి మూడూ తక్కువకే పగిలినయి. పారేసి ఎక్స్‌ట్రా దిమ్మలు పెట్టిన."

"ఎవరు పెట్టమన్నరు?" అని ఒంటికాలి మీద లేచాను.

ఆమె బెదరలేదు. "మీరే గద సార్ నేర్పింది. మన చర్చిదాయె, మీ పేరు ఖరాబ్ కావద్దని జల్దీ మార్చిన."

నిజమే. రోజూ అన్నిటికన్నా మంచి బండి నుంచి మూడు దిమ్మలు ఎక్కువ పోయించేది నేనే. ఎవరివైనా తక్కువకు పగిలితే వాటి స్థానంలో ఇవి రిజిస్టరుకు ఎక్కేవి. పరీక్షలోనే ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, కొన్నవాళ్ళను భయపెట్టడం దేనికని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. లోకాన్నంతా అనుమానించిన నాకు ఆ పని ఏనాడూ తప్పుగా తోచలేదు. ఆ పిల్ల ముందు తల కొట్టేసినట్టయింది.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. "అయ్యగారూ, వందనాలు. సెంట్రింగ్ విప్పనియ్యకుండ్రి."

"ఎందుకు బిడ్డా? రిపోర్టు మంచిగొచ్చిందంటివి గద?"

"గది అబద్ధం. నేను నేర్పిన అబద్ధమే. స్లాబు నుంచి ముక్క కోసి పరీక్ష జేయాలె. అవసరమైతే పగలగొట్టాలె."

ఆయన మెల్లగా అడిగారు. "మన చర్చికే గిట్లయిందా, బయటోళ్ళకు గూడనా?"

ఆ అమ్మాయి నా మొహంకేసే చూస్తోంది.

"బయటోళ్ళకు ఎప్పుడూ గిట్లనే అయ్యగారూ" అన్నాను.