పదకొండో గడప

కోంట బడిలో మా ఆటల మాస్టారు సోమయ్యగారు మొన్న మంగళవారం పరమపదించారు. జగర్గుండా బడిలో నేను పాఠం చెబుతుండగా కబురందింది. పిల్లలను బయటికి పంపి, చేతిలో సుద్దముక్కతో అలాగే కూర్చుండిపోయాను. ఆయనకూ మరణముంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

మా చిన్నతనంలో ఆయన టీవీ అద్దెకు తెచ్చి, బడి వరండాలో యుద్ధకాలపు ఫుట్‌బాల్ సినిమా ఒకటి చూపించారు. బందీలైన సైనికులు తమను బంధించినవారి జట్టుతోనే ఆడి, చివరికి జనంలో కలిసి తప్పించుకుంటారు. ఆ ఇంగ్లీషు మాకేం తెలుసు! ఆయనే పక్కన నిలబడి తెలుగులో ఒకసారి, మా ఇళ్ళల్లో మాట్లాడుకునే దోర్లీలో ఒకసారి చెప్పారు. ఆ కంఠం ముందు తుపాకుల మోత వినబడలేదు.

సినిమా అయ్యాక అసలు చరిత్ర వేరే ఉందన్నారు. కీవ్ నగరంలో రొట్టెల కార్ఖానా కార్మికులు శత్రుసైన్యపు జట్టును ఓడించారట. ఆ సాయంత్రమే, గెలిచినవాళ్ళను ఆడిన చొక్కాలతోనే మైదానంలో కాల్చేశారట. ఆ తరువాత సుక్మాలో జరిగిన ఫుట్‌బాల్ పోటీలో విరామానికి మా బడి జట్టు రెండు గోల్స్ వెనకబడింది. రెండూ గోల్‌కీపర్నయిన నా చేతుల్లోంచి జారినవే. మాస్టారు ఆ కథే మళ్ళీ చెప్పారు. ఏడుస్తూ ఆడి గెలిచాం.

పదవీ విరమణ తరువాత ఆయన ఏదో పుస్తకంలో నిజం చదివారు. ఆ సాయంత్రం ఎవరినీ చంపలేదు. కొన్నాళ్ళకు నిర్బంధించారు. కొందరు శిబిరంలో మరణించారు, కొందరు బతికి బయటపడ్డారు. మరొకరైతే పోనీలెమ్మని ఊరుకునేవారు. ఈ సత్యసంధుడు మా పదకొండుగురి ఇళ్ళు వెతుక్కుంటూ బయలుదేరారు. నక్సలైట్లకూ పోలీసులకూ మధ్య పోరుతో ఏళ్ళపాటు మూతపడిన జగర్గుండా దారి తెరుచుకున్నాక నా దగ్గరికీ బస్సులో వచ్చారు. మంచినీళ్ళయినా ముట్టకుండా అన్నారు:

"నేను మీకు తప్పు చెప్పిన బిడ్డా. సచ్చినోళ్ళ గురించి ఎక్కువ చెప్పద్దు, తక్కువ చెప్పద్దు. ఈడున్న మనకు తెల్వదా ఏంది?"

నాకు కోపం వచ్చింది. బాల్యంలో నాకున్న ఒక్క గొప్ప కథనూ లాక్కుపోతున్నారనిపించింది. ముభావంగానే బస్సెక్కించాను. అదే ఆఖరి చూపు. ఆ సిగ్గు నన్నింకా తింటూనే ఉంది.

మాస్టారు అలా పది గడపలు ఎక్కారు. మరైగూడలో లచ్చయ్య ఒక్కడే మిగిలాడు. దహనసంస్కారం ముగిశాక నేనే అక్కడికి వెళ్ళి, మాస్టారి మాటగా తప్పు దిద్దాను. లచ్చయ్య విప్పపూలు ఎండబోస్తూ విన్నాడు.

"గెలిసిన్రు గదా? అది నిజమేనా?" అన్నాడు.

నిజమేనన్నాను.

"ఇది చెప్పనీకి సారు మా ఇంటిదాక రావాల్ననుకున్నడా?" అంటూ తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

తాను చెప్పిన మాటను దిద్దుకోవడానికి శిష్యుల గడపలెక్కిన గురువు ఇక మాకు దొరకడు. మాస్టారూ, పదకొండో ఇంట్లోనూ చెప్పేశాను. ఎక్కువా చెప్పలేదు, తక్కువా చెప్పలేదు.