ఇమామ్ జామిన్ నాణెం

లిబియాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం వచ్చిందని, హుస్సేనీ ఆలంలో మా పక్కింటి ఖాలా నా జబ్బకు ఇమామ్ జామిన్, నాణెం చుట్టిన రక్షగుడ్డ, కట్టింది. క్షేమంగా చేరాక ఆ గుడ్డలోని నాణెం బీదవాడికి దానం చేయాలి. ఉప్పుగూడలో రైలెక్కితే, ఎదుటి సీటాయన అది చూసి ఎటు ప్రయాణమని అడిగాడు. గొప్పగానే చెప్పాను.

"నేను గూడ ఆడ గీ ఇంగ్లీషే చెప్పొచ్చిన తమ్మీ," అంటూ చెయ్యి చాచాడు. చొక్కా కాలరు చిరిగి ఉంది. "ఆ పైస నాకే ఇయ్యి. ఆడ నీకంటె బీదోడు దొరకడు."

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. నేను జబ్బకు చెయ్యి అడ్డం పెట్టుకుని వేరే పెట్టెలోకి పోయాను.

లిబియాలో విమానం దిగితే, నన్ను తీసుకెళ్లడానికి బడి ప్యూను వచ్చాడు, సొంత కారులో.

ఆ నాణెం ఇంకా నా దగ్గరే ఉంది.