రెండోసారి మొదలుపెట్టిన మండలం

దెయ్యాలూ మహిమలూ నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పయ్యేళ్లు తిరుపతిలో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ణి. ఎవరికైనా గాలి సోకిందంటే, ఫ్యాను ఆపి పడుకోమని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పుడు నన్ను ఎవరు ఎగతాళి చేసినా పడతాను.

దెయ్యాలను నమ్మలేదు గానీ త్రాటకాన్ని నమ్మాను. పొద్దున్నే నేతి దీపం ఎదురుగా కూర్చుని, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ మనసు నిలపడం. రిటైరయ్యాక మొదలుపెట్టాను. కోపం తగ్గింది, నిద్ర పట్టింది. ఇక నేనే పెద్ద వైద్యుణ్ణయిపోయాను. అలిపిరి వైపు నడకకు వచ్చేవాళ్లలో నా సలహా వినకుండా తప్పించుకున్నవాడు లేడు.

మా అక్క శ్రీకాళహస్తిలో కలంకారీ బొమ్మలు వేసేది. అరవై దాటినా చెయ్యి వణికేది కాదు. ఒకరోజు ఫోన్ చేసి, గుడ్డ అంచు కనపడక గీత పక్కకు పోతోందని చెప్పింది.

“కండ్లాసుపత్రికి పోదామారా?” అని అడిగింది.

“ముందు ఒక మండలం త్రాటకం చెయ్యక్కా. అద్దాలే అక్కర్లేదు,” అన్నాను.

నా మాట మీద ఆమెకు అంత గురి. మండలమంటే నలభై ఎనిమిది రోజులు. ముప్పై నాలుగో రోజున ఆమె అత్తవారి వైపు ఎవరో పోయి మైల వచ్చింది. దీపం ఆగింది. మైల తీరాక అక్క మళ్లీ ఆసుపత్రి మాటెత్తింది. మధ్యలో తెగితే లెక్కకు రాదు, మళ్లీ మొదటి రోజు నుంచి చెయ్యమన్నాను. సైన్సు మాస్టారి నోట వచ్చిన మాట అది. ఆమె మారుమాట్లాడకుండా మళ్లీ మొదలుపెట్టింది.

రెండో మండలం పూర్తయ్యేసరికి అక్క గోడ పట్టుకుని నడుస్తోంది.

అప్పుడు ఆసుపత్రికి తీసుకెళితే, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే నీటికాసులన్నారు. పోయిన చూపు తిరిగి రాదన్నారు. మరి కొద్ది రోజులకు ఉన్న కాస్తా పోయింది. ఆసుపత్రికి వెళ్లిన మొదటి రోజే, అక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికి వెళితే, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని డాక్టరు నన్ను అడిగాడు. “రమ్మంటే ఆమే రాలేదు సార్,” అన్నాను. సిగ్గు లేకుండా అన్నాను.

ఆ రోజుతో దీపం మానేశాను. నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం మనసు ఉండబట్టలేక, గది తలుపు వేసుకుని వెలిగించాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. పది నిమిషాలు కాకముందే అక్క ఫోన్ చేసింది.

“ఒరే, దీపం పెట్టినావా? కుడిపక్కకి వాలతా ఉండాది సూడు. కిటికీ ముయ్యి.”

కిటికీ ఓరగా తెరిచి ఉంది. మంట కుడివైపుకే వాలుతోంది.

చూపు పోయినవాళ్లకు ఒక్కోసారి ఏవో వెలుగులు కనిపిస్తాయట. సరే, అదే అనుకున్నాను. కానీ మాస్టారి బుద్ధి ఊరుకోదుగా, పరీక్ష పెట్టాను. ఒకనాడు మధ్యాహ్నం వెలిగించాను, ఫోన్ వచ్చింది. రెండు రోజులు వెలిగించలేదు, రాలేదు. మరోనాడు రెండు దీపాలు పెట్టాను.

“ఈపొద్దు రెండు పెట్టినావేమిరా?” అంది.

ఇప్పుడు రోజూ వెలిగిస్తున్నాను. మానితే ఆమెకు ఆ కాస్త వెలుగూ ఉండదు. “నీ పుణ్యమా అని ఇదన్నా సూస్తా ఉండాను,” అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా చేసిందంతా చెప్పేద్దామని నోరు తెరుస్తాను, మందులు వేసుకున్నావా అని అడిగి ఫోన్ పెట్టేస్తాను.

పోయిన వారం గాలి బొత్తిగా లేదు. మంట కదలకుండా నిలబడింది. అప్పుడూ ఫోన్ చేసింది.

“దీపం బాగానే ఉండాది. నువ్వెందుకురా ఏడస్తా ఉండావు?”

త్రాటకంలో కళ్ల వెంట నీళ్లు కారడం మామూలే కదక్కా అన్నాను.

తిరుపతిలో తలుపులు మూసి పెట్టిన దీపం కాళహస్తిలో చూపులేని మనిషికి ఎలా కనిపిస్తోందో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. దాంతోపాటు ఆమెకు నాలో ఇంకేమేం కనిపిస్తున్నాయో అడిగే ధైర్యం మాత్రం నాకు లేదు.