పేరు రాసినవాళ్లకే గోంగూర పప్పు

నా చిన్నప్పటి నుంచీ ఆపిల్ పండు మీద స్టిక్కరంటే నాకు గిట్టదు. గోటితో గీకితే సగం ఊడుతుంది, మిగతా సగం తొక్కతోపాటు నోట్లోకి వెళుతుంది. ఆ కాస్త కాగితం మీద పండు పుట్టిన దేశం, దాని రకం, ఒక నంబరు అన్నీ అచ్చేసి ఉంటాయి. రెండు నిమిషాల్లో కొరికి గింజలు పారేసే వస్తువుకు ఇంత జాతకం దేనికన్నది నా ఫిర్యాదు. ఎవరికి ఇవ్వాలో తెలియక ఇన్నేళ్లూ నా దగ్గరే పెట్టుకున్నాను. మొన్న మా మేనకోడలు ఫోనులో, "అత్తా, నువ్వు పండ్లతో కూడా పోట్లాడతావా?" అంది. ఆ పిల్లకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అది ఆపిల్ గురించి కాదు, గోంగూర గురించి.

నేను ఆరో తరగతి చదివేటప్పుడు మేం సౌదీలోని జుబైల్‌లో ఉండేవాళ్లం. మా నాన్న ఒక కాంట్రాక్టు కంపెనీలో ఆఫీసు వ్యవహారాలు చూసేవాడు. ఫ్యాక్టరీలను మరమ్మతుల కోసం ఆపినప్పుడల్లా వెల్డర్లనూ ఫిట్టర్లనూ గుంపులుగా పనిలోకి తీసుకునే కంపెనీ అది. ఒక కఫీల్ దగ్గరినుంచి, అంటే వీసా పూచీ పడ్డ యజమాని దగ్గరినుంచి, ఇంకో కఫీల్ పేరు మీదికి మనుషులను మార్చే కాగితాలన్నీ నాన్న బల్ల మీదుగానే వెళ్లేవి. మా ఎదురు ఫ్లాటులో ఒక నర్సు ఉండేది. భీమవరం వైపు ఆవిడ. నాన్నను తమ్ముడూ అన్నా, అమ్మను చెల్లీ అనేది కనుక నాకు పెద్దమ్మ అయింది.

జుబైల్‌లో దొరకని పండు లేదు, కూరా లేదు. గోంగూర కూడా దొరికేది, విమానంలో వచ్చేది. ప్లాస్టిక్ పెట్టెలో పడుకోబెట్టి, మీద పల్చటి కాగితం కప్పి, స్టిక్కరు వేసి, చలిగా ఉన్న అరలో పెట్టేవారు. దాన్ని చూస్తే కొనాలనిపించేది కాదు, సంతాపం చెప్పాలనిపించేది.

అసలు గోంగూర శుక్రవారం పొద్దున పాత ఊరి కూరగాయల మార్కెట్ బయట, బండ్లు నిలిపే స్థలం చివర దొరికేది. ఏసీ కట్టేసి కిటికీలు తెరిచే రోజులు వచ్చాయంటే తొలికోత వచ్చినట్టే. ఖతీఫ్ దగ్గర ఒక ఖర్జూరపు తోటలో నిజామాబాద్ జిల్లా మనిషి ఒకాయన పనిచేసేవాడు. చెట్ల మధ్య ఖాళీ మళ్లలో, ఇంటినుంచి తెప్పించుకున్న విత్తనాలు చల్లి, గోంగూర, చుక్కకూర, బచ్చలి, ఎండాకాలంలో సొరకాయ, కీర పండించేవాడు. తెల్లారకముందే కోసి, తడి గోనెసంచుల్లో పెట్టి, ఎవరిదో పికప్‌లో తెచ్చేవాడు. కట్టలకు రబ్బరు బ్యాండ్లు ఉండేవి కావు, ఖర్జూరపు ఆకు చీలికతో ముడి వేసేవాడు. కట్ట విప్పితే మట్టి వాసన, పులుపు వాసన కలిసి వచ్చేవి. పెద్ద పెద్ద ఇంజనీర్లు, డాక్టర్లు ఇంటి లుంగీల మీదే కార్లు వేసుకుని పరుగెత్తుకొచ్చేవారు.

ఆయన నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. మొదటి రోజే అడిగి తెలుసుకున్నాడు. లెక్కల పరీక్ష ఎట్ల రాసినవని అడిగేవాడు, సమాధానం విననట్టు మర్యాదగా ఇంకో మాట ఎత్తేవాడు. కొసరుగా నా చేతిలో వేలెడంత కీరదోసకాయ పెట్టేవాడు. నా పేరొక్కటే కాదు, అక్కడికొచ్చే పన్నెండు కుటుంబాల పిల్లల పేర్లూ ఆయనకు వచ్చు.

ఆ ఏడాది నితాఖత్ అనే నిబంధన ముదిరింది. సౌదీవాళ్లను ఎందరిని పనిలో పెట్టుకున్నారన్న లెక్కన కంపెనీలకు రంగులు వేశారు. పచ్చ కంపెనీ కొత్త మనుషులను తన పేరు మీదికి మార్చుకోవచ్చు, ఎర్ర కంపెనీకి ఆ వీలు లేదు. దాంతోపాటే ఇంకో కట్టడి కూడా వచ్చింది. ఇకామా అనే నివాసపు కార్డులో ఏ కఫీల్ పేరుంటే అతని దగ్గరే పనిచేయాలి. కాగితం ఒకచోట, పని ఇంకోచోట అయితే కుదరదు. కొన్ని నెలల గడువిచ్చారు. ఆలోపల కాగితం మార్చుకోవాలి, లేదా దేశం విడవాలి, లేదా పట్టుబడాలి.

మా గోంగూర మనిషి కాగితాల ప్రకారం హఫర్ అల్ బాతిన్‌లో గొర్రెల కాపరి. ఆ గొర్రెలు ఎలా ఉంటాయో ఆయన చూడనే లేదు. తోట యజమాని తన పేరు మీదికి మార్చుకోనన్నాడు. గడువు మొదలైన కొత్తలోనే ఒక శుక్రవారం ఆయన నాన్నను అడగడం నేను విన్నాను.

"సార్, మీ కంపెనీ పచ్చల ఉన్నదంట గద. నా కాగితం జర సూడుండ్రి. హెల్పర్ పనైన సరే, ఏదైన చేస్త."

నాన్న సొరకాయకు గోరు గుచ్చి లేతదో ముదురో చూస్తూ, "చూద్దాంలే," అన్నాడు.

ఆ మాట ఆయన నమ్మాడు. తర్వాత రెండు మూడుసార్లు అడిగాడు, ఆపైన అడగడం మానేసి చూడటం మొదలుపెట్టాడు. గడువున్న నెలలన్నీ ఆయన నాన్న ముఖం చూశాడు, నాన్న కూరలు చూశాడు. అలాగని మా నాన్న చెడ్డవాడేం కాదు. ఆ నెలల్లో రోజూ ఆఫీసులో అచ్చంగా ఇలాంటి కాగితాలే చేసి, అలసిపోయి ఇంటికొచ్చేవాడు. ఈ కాగితం మాత్రం శుక్రవారం వచ్చేది. శుక్రవారం సెలవు.

ఏటా తొలికోత రాగానే పన్నెండు కుటుంబాలూ సముద్రం ఒడ్డున పార్కులో కలిసి భోజనం చేయడం మాకు అలవాటు. తలా ఒక వంట. గోంగూర పప్పు మాత్రం పెద్దమ్మదే, దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఆ ఏడు తొలికోత వచ్చిన శుక్రవారానికి గడువు ముగియడానికి రెండే రోజులు మిగిలాయి. పోలీసులు దారుల్లో ఆపి కార్డులు చూస్తున్నారు. అయినా ఆయన వచ్చాడు, కట్టలిచ్చాడు, పికప్ దిగకుండానే వెళ్లిపోయాడు. ధర పెంచనందుకు అందరూ మెచ్చుకున్నారు.

మధ్యాహ్నం పెద్దమ్మ మూత పెట్టిన పెద్ద గిన్నెతో వచ్చింది. చాపలు పరిచి అందరూ కూర్చున్నాక, సంచిలోంచి చిన్న చిన్న కాగితం ముక్కలూ పెన్నులూ తీసి పంచింది. భోజనాల ముందు తంబోలా ఆడించడం మాకు మామూలే కనుక అందరూ హుషారుగా అందుకున్నారు.

"ఒకటే ప్రశ్నండి," అంది పెద్దమ్మ. "నాలుగేళ్లుగా మనకు గోంగూర తెచ్చిపెడుతున్న మనిషి పేరు రాయండి. రాసినవాళ్లకే పప్పు."

మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత పెన్నుల చప్పుడు వినిపించాలి, అది వినిపించలేదు. భర్తలు భార్యల వైపు, భార్యలు ఎర్ర ఆవకాయ వైపు చూశారు. నాన్న ఒళ్లో ఫోను దాచుకుని వెతికాడు. పక్కనే కూర్చున్నాను కనుక నాకు కనిపించింది. ఆయన నంబరు నాన్న ఫోనులో 'గోంగూర' అని ఉంది.

పెద్దమ్మ ముక్కలన్నీ వెనక్కి తీసుకుని పైకి చదివింది. గోంగూర భాయ్. గోంగూరన్న. నిజామాబాద్ ఆయన. కూరల తమ్ముడు. ఒక డాక్టరుగారి రాత ఎవరికీ అంతుపట్టలేదు, అది సరైన జవాబే కావచ్చని ఆయన తరఫున ఎవరో వాదించారు. నేను గుండ్రటి అక్షరాలతో 'అంకుల్' అని రాసి, గరిటె కోసం కంచం ముందుకు జరిపాను.

పెద్దమ్మ మూత తీయకుండానే గిన్నెతో నా కంచం దాటి వెళ్లింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దవాళ్ల తగాదాలో నన్నెందుకు కలిపారు? పదకొండేళ్ల పిల్లకు పప్పు పెట్టకపోవడం ఏ దేశంలో న్యాయం? నేను ఏడుపు మొదలుపెట్టేలోపే ఒక అంకుల్ అందుకున్నాడు.

"ఏంటక్కా ఇది, ఆకలి మీద పరీక్షలు పెడతారా? పేరుతో పనేముందండి, ఆకు బాగుందా లేదా అన్నది ముఖ్యం."

"పేరడక్కుండా మేం సూది కూడా పొడవం బాబూ," అంది పెద్దమ్మ. "పదిరోజులుగా అదే మంచం మీదున్న మనిషైనా సరే, పేరు చెప్పించుకుని, చేతి పట్టీ మీద చూసుకుని అప్పుడు పొడుస్తాం. మీరు నాలుగేళ్లు తిన్నారు."

ఆ తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీసి నాన్న ముందు పెట్టింది. అంతకు ముందు వారం గోంగూర ఆయన కొడవలికి వేలు తెగి ఆసుపత్రికి వస్తే కట్టు కట్టింది పెద్దమ్మే. పేరు అప్పుడే తెలిసింది. ఇకామా కాపీ అడిగి తీసుకుంది.

"ఎల్లుండితో గడువైపోద్ది తమ్ముడూ. మీ కంపెనీ పచ్చంట. ఈ గిన్నె మూత మీరే తీయాలి."

నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట ఎవరూ మూత తీయలేదు. అందరం బంగాళాదుంప వేపుడు, సాంబారు తిన్నాం. వంటలు బాగున్నాయని ఒకరికొకరు అవసరానికి మించి చెప్పుకున్నారు.

సాయంత్రం నేను ఎదురు ఫ్లాటు తలుపు కొట్టాను. న్యాయం అడగడానికే వెళ్లాను. చిన్నపిల్లను కదా, నాకెందుకు పెట్టలేదని నిలదీశాను. పెద్దమ్మ నా తల నిమురుతుందని, గిన్నెలో కాస్త వేసిస్తుందని లోపల ఒక ఆశ ఉంది. అలాంటిదేమీ జరగలేదు.

"నీ పేరు ఆయనకి తెలుసు కదే," అంది. "మరి ఆయన పేరు నీకెందుకు తెలీదు?"

చదువుల్లో చాలా ప్రశ్నలకు నోరు తెరవలేదు కానీ, ఒక ప్రశ్న నన్ను ఇంటిదాకా వెంటాడి పక్కలో పడుకోవడం అదే మొదలు.

శనివారం కూడా ఆఫీసులకు సెలవే. ఆదివారం నాన్న ఎప్పటికంటే గంట ముందే ఆఫీసుకు వెళ్లాడు. ఆ రోజు మాత్రం నిజంగా కష్టపడ్డాడని నేను సాక్ష్యం చెప్పగలను. కానీ ఆ కాగితానికి ఎన్ని మెట్లున్నాయో అందరికంటే బాగా తెలిసినవాడు నాన్నే, అన్నీ ఎక్కాలంటే కనీసం వారం కావాలి. పైగా గడువు చివరి రోజు దేశంలోని ఆఫీసులన్నీ ఒక్కసారే కంప్యూటర్ల ముందు కూర్చున్నాయి. సాయంత్రానికి తెర మీద తిరుగుతున్న గుండ్రటి గుర్తు తప్ప ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చాక ఫోను చేసి, కాగితంలో ఉన్న పూర్తి పేరుతో పిలిచాడు. తర్వాత ఆయన గొంతు స్పీకర్‌లోంచి నాకూ వినపడింది.

"మీరా సార్! పూర భయపడిపోయిన. పేరు పెట్టి పిలిచేసరికి పోలీసోల్లనుకున్న."

నాన్న సంగతి చెప్పాడు. ఆయన కోప్పడలేదు. ఇంకో వారంలో గోంగూర రెండో కోతకు వస్తుందని, ఎవరైనా వెళ్లి కోసుకోవచ్చని, తోట దారి చెప్పాడు. తర్వాత క్యూలో నిలబడి, వేలిముద్రలిచ్చి, వెనక్కి రాని ప్రయాణానికి స్టాంపు వేయించుకుని వెళ్లిపోయాడు. కోతకు ఎవరూ వెళ్లలేదు, దారిలో పోలీసులు ఆపుతున్నారని భయపడ్డారు. అందరి దగ్గరా సరైన కాగితాలే ఉన్నాయి.

మూడు వారాల తర్వాత మా పన్నెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఒక అంకుల్ కొత్త నంబరు పెట్టాడు. దాని పక్కన 'గోంగూర 2' అని రాశాడు. పదిమంది బొటనవేలు బొమ్మలు పెట్టారు. పెద్దమ్మ పెట్టలేదు. ఆ అంకుల్ మీద నాకు ఇప్పటికీ కోపమే. పెళ్లిళ్లలో కనబడితే నమస్కారం పెడతాను, అది వేరే సంగతి.

కొన్నేళ్లకు ఇంట్లోవాళ్ల మీద తలకింత అని నెలనెలా లెవీ వచ్చింది. ఒక్కో కుటుంబమే సామాను సర్దుకుంది. వీడ్కోలు భోజనాల్లో అంకుల్స్ అందరూ మండిపడ్డారు. ఇన్నేళ్లు చాకిరీ చేయించుకుని మనల్ని అంకెలుగా చూశారు, మనుషులుగా చూడలేదు అన్నారు. అది నిజమే, నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ మాటలు అదే పార్కులో, అదే చాపల మీద కూర్చుని అంటున్నారు. నేను లేచి మంచినీళ్లు తెచ్చుకోవడానికి వెళ్లాను.

ఇక్కడ నేనెవరి పేరూ రాయలేదు. వాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు, డిగ్రీలతో సహా. రాయదలచింది ఒక్కటే. ఆయన పేరు పోశన్న.

ఆ శుక్రవారం నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. ఇప్పుడు నేను రియాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఎక్కడ కూరలు కొన్నా ధర కంటే ముందు పేరు అడుగుతాను. పేరు తెలిసినంత మాత్రాన నేనేదో ఉద్ధరిస్తానని కాదు, నా బల్ల మీదికి ఎవరి కాగితాలూ రావు. అయినా అడుగుతాను.

మొన్న శుక్రవారం సూపర్ మార్కెట్లో కూరగాయలు తూచేచోట ఒక నడివయసు మనిషి ఉన్నాడు. ఫోనులో మాట్లాడే తీరును బట్టి కరీంనగర్ వైపు మనిషని తెలిసిపోయింది. చొక్కా జేబు మీద కంపెనీ పేరుంది, ఆయనది లేదు. నా తోటకూర కట్టను తూచి, దాని పేరు, ఊరు, నంబరు ఉన్న స్టిక్కరు మిషను లోంచి లాగాడు.

"అన్నా, నీ పేరేంటి?" అని అడిగాను.

స్టిక్కరు వేలికి అంటుకుని అలాగే ఉండిపోయింది. ఆయన ఒకసారి సూపర్‌వైజరు ఉన్నవైపు చూసి, నా వైపు తిరిగాడు.

"పేరెందుకు మేడం? కంప్లైంట్ ఇస్తరా?"