బసవయ్యగారి రాగం ఆగలేదు

పటమటలోని అలీ మైక్ సెట్ షాపులో ముట్టుకోకూడని వస్తువు ఒకటే ఉండేది, నీలం రంగు ఎకో పెట్టె. లోపలికి పోయిన మాటను కాసేపు దాచుకుని మళ్లీ మళ్లీ వినిపించే పాతకాలపు డిజిటల్ పెట్టె అది. అలీ దాని మీద తెల్ల పెయింటుతో తన పేరు, ఫోన్ నంబరు రాసుకున్నాడు. ఆ నంబరు మారి ఇరవై ఏళ్లయినా చెరపలేదు.

వద్దంటే ఊరుకునే మనిషి కాదు అలీ కూతురు ఫౌజియా. ముప్పై రెండేళ్లొచ్చినా, ఆంప్లిఫయర్ల రిపేరులో తండ్రిని మించినా, స్క్రూడ్రైవర్ కనబడితే చాలు, ఆమె చేయి ఆగదు. శుక్రవారం అలీ నమాజుకు వెళ్లగానే పెట్టె మూత విప్పేసింది.

మెమరీ చిప్ కాళ్ల మీద తడివేలు పెడితే తన "హలో" కాస్తా పిట్ట కూతైపోయింది. ఇంకో రెండు కాళ్లు కలిపితే కప్పల బెకబెకలు. ఒక్కతే కూర్చుని పడీ పడీ నవ్వింది. చివరికి ఒక జత దొరికింది. వాటిని కలిపితే లోపలికి పోయిన గొంతు ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. ఆ రెండింటికీ సాల్డరింగ్ ఐరన్‌తో సన్న వైరు అతికించి, మాడిపోయిన బల్బు ఉన్న చోట చిన్న స్విచ్ బిగించింది. రేపు సాయంత్రంలోగా ఊడదీసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

రేపు సాయంత్రం బసవయ్యగారు వస్తారు మరి. మైలవరంలో ఆయన పద్యనాటకం. కృష్ణుడి వేషంలో పద్యం చివర ఆయన రాగం తీస్తే ఒకప్పుడు జనం "వన్స్ మోర్" అని గోల చేసేవారు. డెబ్బై దాటాక ఊపిరి చాలడం లేదు. రాగం తెగిన చోట ఈ ఎకో పెట్టే ఆదుకుంటోంది. తీసుకెళ్లే ముందు షాపులోనే ఒక పద్యం పాడి చూసుకోవడం ఆయన అలవాటు.

"దానికేమైనా అయితే ఆయన ముందు తలెత్తుకోలేను. నీ సాల్డరింగ్ ఐరన్ బీరువాలో పడేసి తాళం వేసేస్తా" అని అలీ ఎన్నిసార్లు చెప్పాడో.

బసవయ్యగారు మర్నాడు పొద్దున పదింటికే దిగారు.

"బెంజ్ సర్కిల్లో పనుండి, అటునుంచి అటే వచ్చేశానయ్యా అలీ. ఏదీ, మైకివ్వు."

ఫౌజియా పెట్టె వైపు ఉరికింది. స్విచ్ ఆన్‌లోనే ఉంది. "ఒక్క నిమిషం ఆగండి..." అనేలోపే ఆయన కళ్లు మూసుకుని పద్యం ఎత్తుకున్నారు. రాగం పైకి పోయింది. ఊపిరి అయిపోయి ఆయన నోరు మూసుకున్నారు. రాగం మాత్రం ఆగలేదు. షాపంతా తిరిగి రోడ్డెక్కింది. ఎదురుగా టీ బండి దగ్గర జనం గ్లాసులు పట్టుకుని నిలబడిపోయారు. అలీ కూతురి వైపు ఒక్క చూపు చూశాడు. ఐరన్ మీద ఆశ వదిలేసుకుంది ఫౌజియా.

బసవయ్యగారు కళ్లు తెరిచి పెట్టెను చూశారు, తన పెదాలు తడుముకున్నారు. "ఇది నా నలభయ్యేళ్లప్పటి ఊపిరయ్యా!" అని పకపకా నవ్వి, చప్పట్లు కొట్టి, పెట్టెకేసి "వన్స్ మోర్!" అని అరిచారు. టీ బండి దగ్గర ఈలలు మోగాయి. ఫౌజియా స్విచ్ కట్టేసింది.

"ఎవరయ్యా ఇది చేసింది?"

"మా అమ్మాయండీ" అన్నాడు అలీ. గర్వం దాచుకోవడం అతనికి చేతకాలేదు.

"సాయంత్రం నువ్వూ రావాలమ్మా. ఎక్కడ ఆపాలో నీకే కదా తెలుసు!"

ఆయన వెళ్లాక అలీ బీరువా తలుపు తీశాడు. ఫౌజియా ఐరన్‌కు వైరు చుట్టి అందించింది. అతను దాన్ని పక్కన పెట్టి, పాత లుంగీలో చుట్టి దాచిన రెండో ఎకో పెట్టెను తెచ్చి ఆమె ముందుంచాడు.

"దీన్ని కూడా చెడగొట్టమ్మా."