కోసిన వైపు

రాగ్నా నవ్వితే రోడ్డుకు అవతల ఉండే ఆడపడుచు స్వేయాకు వినిపించేది. స్వీడన్‌లో స్మోలండ్ అడవుల మధ్య ఎల్మెరీడ్ అనే ఆ చిన్న ఊళ్లో అలా నవ్వే మనిషి ఇంకొకరు లేరు. చాలా ఏళ్లు బడి వంటింట్లో వండింది. గురువారం నాడు పిల్లలు బఠాణీ చారు చూసి మూతి తిప్పితే గరిటె పైకెత్తి, "ఇది తాగినవాళ్లకే పాన్‌కేక్" అనేది. గొర్రెలకు పురుడు పోసేది. ఇంటి పెంకులు జారితే తనే ఎక్కి సర్దేది. దేనికీ వెనకాడని మనిషని ఊళ్లో చెప్పుకునేవారు.

ఒక్క చెట్టు దగ్గరే ఆమె ధైర్యం ఆగిపోయింది.

అది ఇంటి ముందరి లిండెన్ చెట్టు. ఆ వైపు పాత ఇళ్లకు అలాంటి కావలి చెట్టు ఒకటి ఉంటుంది. ఇంటి మంచిచెడ్డలన్నీ దాని చేతిలో ఉన్నాయంటారు. దాని కొమ్మ విరవరు, ఆకు తుంచరు. క్రిస్మస్ ముందు సాయంత్రం దాని వేళ్ల మీద బీరు పోస్తారు. గడ్డి బీళ్లలో ఉండే లిండెన్లకు ఈ మర్యాదేమీ లేదు. వేసవి చివర వాటి కొమ్మలు కోసి, కట్టలు కట్టి ఎండబెట్టి, చలికాలమంతా గొర్రెలకు మేపుతారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి మాడింది, బీళ్లలో చెట్ల ఆకు చాల్లేదు.

"ఇంటి ముందు ఇంత ఆకు పెట్టుకుని గొర్రెల్ని పస్తులుంచుతామా? ఎక్కు" అంది రాగ్నా.

భర్త టూరే ఎక్కాడు. గొర్రెల కొట్టం వైపున్న కొమ్మలు కోశాడు. ఇంటి వైపుకు వచ్చేసరికి వాన పడింది, అక్కడితో ఆపేశాడు. ఆ చలికాలంలోనే, కొట్టంలో, చేతిలో ఆకు కట్టతో గుండె ఆగి పడిపోయాడు.

ఎక్కమన్నది తనేనని రాగ్నా ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత చెట్టుకు నిచ్చెన వేయనివ్వలేదు. ప్రతి క్రిస్మస్‌కూ సీసా మొత్తం దాని వేళ్ల మీద ఒంపి, తప్పు కాయమన్నట్టు కాసేపు నిలబడేది. ఊరివాళ్లు ఆమె ముందు టూరే పేరెత్తడం మానేశారు. ఆమె కూడా ఎత్తలేదు. కాఫీ తాగేటప్పుడు కుర్చీ తిప్పుకుని, చెట్టు కనిపించే కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం అలవాటైంది. నవ్వు రోడ్డు దాటడం ఎప్పుడు మానేసిందో స్వేయాకు కూడా గుర్తులేదు.

టూరే పోయాక ఆరో వేసవి చివర ఉరుములతో గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే, ఇంటి వైపున్న పెద్ద కొమ్మ మొదట్లో చీలి వంటింటి కప్పు మీదకు వేలాడుతోంది. కాఫీ వేళకు స్వేయా తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"వదినా, రంపం మిల్లతనికి ఫోన్ చేశాను. రేపు పొద్దున వచ్చి చెట్టుని మొదలంటా కొట్టేస్తానన్నాడు."

"ఎవర్నడిగి చేశావ్?"

"నీ వంటింటి కప్పునడిగాను. సరేనంది."

"దాని మీద ఎవరి చెయ్యీ పడనివ్వను."

"అయితే అదే నీ మీద చెయ్యేస్తుంది. నువ్వు పొయ్యి దగ్గరుండగా ఆ కొమ్మ ఊడిపడిందనుకో, ఊళ్లో అందరికీ కాఫీలు పోసి నీ మంచితనం గురించి నేను మాట్లాడాలి. నా వల్ల కాదు బాబూ."

రాగ్నా నవ్వలేదు. చేతిలోని కాఫీ కప్పును బల్ల మీద పెట్టింది.

"స్వేయా, ఆ ఏడు మీ అన్నయ్యని ఆ చెట్టెక్కించింది నేనే."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు మాట్లాడితే రోడ్డవతలికి వినిపిస్తుంది వదినా. ఆ రోజూ వినిపించింది."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదే!"

"ఏమనాలి? మా నాన్న కూడా ఆ వయసులోనే, గుండె ఆగే పోయాడు. ఆయన ఆ చెట్టు ఆకు కూడా తుంచి ఎరగడు. అమ్మకి చుక్క పొయ్యని బీరు దానికి పోసేవాడు. కాపాడిందా? మా ఇంటి మగాళ్ల గుండెలంతే. దానికి చెట్టేం చేస్తుంది, నువ్వేం చేస్తావ్?" అంది స్వేయా. "టూరే నీకు మొగుడైతే నాకు అన్నయ్య. నీకేదో అయిపోతుందని నేనూ ఆయన మాటెత్తకుండా నోరు కుట్టుకుని కూర్చున్నాను."

రాగ్నా లేచి కొట్టంలోంచి నిచ్చెన తెచ్చింది. కోసిన వైపు, చీలిక లేని చోట ఆనించింది. స్వేయా కింద పట్టుకుంది.

"నీ బరువుకి విరిగితే నన్ననకు."

"విరిగితే నీ మీదే పడతాలే. మెత్తగా ఉంటావు."

పైకి వెళ్లాక ఆమె మొదటిసారి టూరే చేతి కోతలను దగ్గరగా చూసింది. ఇన్నేళ్లూ వాటిని నోరు తెరుచుకున్న పుళ్లలా ఊహించుకుంది. అలా లేవు. ప్రతి కోత చుట్టూ బెరడు లావుపాటి పెదవిలా పొంగి, అన్ని వైపుల నుంచీ లోపలికి మూసుకుంటూ వచ్చింది. మధ్యలో వేలు పట్టేంత సందు మిగిలింది. వేలు పెట్టి చూస్తే లోపల ఎండిన చెక్క మీద రంపం గీతలు ఇంకా గరుకుగా తగిలాయి. చెట్టు ఆ కోతను చెరిపేసుకోలేదు. లోపల ఉంచుకునే, దాని చుట్టూ పెరిగింది. పక్కనే లేచిన రెమ్మలు తిన్నగా, అరచేతులంత ఆకులతో ఊగుతున్నాయి. ఇంటి వైపు మాత్రం కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి ఎండుపుల్లలతో కిక్కిరిశాయి. ఆ బరువుకే పెద్ద కొమ్మ చీలింది.

"ఏం కనిపిస్తోంది?" కింద నుంచి అరిచింది స్వేయా.

"మీ అన్నయ్య కోసిన వైపు నిక్షేపంలా ఉంది! మనం మర్యాద చేసి వదిలేశామే, అదే చీలింది."

దిగివచ్చి మిల్లతనికి తనే ఫోన్ చేసి రావద్దని చెప్పింది.

మర్నాడు పొద్దున కొక్కేనికి వేలాడుతున్న టూరే కోటు జేబులోంచి చేతి తొడుగులు తీసి తొడుక్కుంది. కోటు మాత్రం కదపలేదు. "దాని సంగతి వచ్చే ఏడు చూద్దాం" అంది. కాండం మీద అరచెయ్యి ఆనించి, పాతకాలం వాళ్లలాగే అనుమతి అడిగింది. "కోపం తెచ్చుకోకు. నీ బరువు దించుతున్నాను."

చీలిన కొమ్మకు తాడు కట్టారు. స్వేయా ట్రాక్టరుతో దాన్ని కప్పుకు దూరంగా లాగింది. మిగతావాటిలో మణికట్టు లావున్న కొమ్మలే చూసి, రాగ్నా కొసల నుంచి కోసింది.

"ఎలాగూ ఎక్కావు కదా, మొత్తం ఇవాళే బోడి చేసెయ్యి" అంది స్వేయా.

"ఒక్కసారే అంటే తట్టుకోలేదు. ఈ ఏడు కొంత, పై ఏడు కొంత. దానికేం తొందర, నాకేం తొందర?"

నవంబరులో ఒక మధ్యాహ్నం పెద్ద గాలి లేచింది. రాగ్నా కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని కాఫీ తాగింది. పలచబడిన కొమ్మల మధ్య నుంచి గాలి ఈల వేస్తూ వెళ్లిపోయింది. చెట్టు ఊగింది, నిలబడింది.

క్రిస్మస్ ముందు సాయంత్రం గొర్రెలకు ఆ చెట్టు ఆకు కట్టలే విప్పారు.

"టూరే ఉంటే ఈ కట్టలు వంకరగా ఉన్నాయని సణిగేవాడు" అంది రాగ్నా.

"అన్నయ్య కట్టినవి తిన్నగా ఏడ్చాయా ఏంటి?"

మంచులో చెట్టు దగ్గర నిలబడి రాగ్నా సీసాలో సగం వేళ్ల మీద పోసింది. మిగతా సగం ఎత్తి తను తాగింది.

"వదినా! చెట్టు వాటా తాగేస్తున్నావ్!"

"సగం బరువే దించాం కదా. దానికి సగం చాల్లే" అని పగలబడి నవ్వింది.

రోడ్డవతల, స్వేయా ఇంట్లో కుక్క ఉలిక్కిపడి మొరిగింది.